వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయా?

పాఠకుల ప్రశ్నలకు నరాల డాక్టరు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మెదడుకు సోకే జబ్బుల గురించే ఉన్నాయి. వానలు మొదలయ్యాక ఏటా ఇంతే. నడుంనొప్పి, నిద్రలేమి గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి. ఈసారి చోటంతా వీటికే ఇచ్చాను. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు తీసేశాను, మాటలు మాత్రం వీలైనంతవరకు వాళ్లవే ఉంచాను.

*

“డాక్టరమ్మ గారికి నమస్కారం. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. రెండు వారాలుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది, తలనొప్పి అంటున్నాడు. టైఫాయిడ్ అని మందులు వాడాం, తగ్గలేదు. మూడు రోజులుగా తిన్నా తినకపోయినా వాంతులు. పొద్దస్తమానం పడుకునే ఉంటున్నాడు, పిలిస్తే విసుక్కుంటున్నాడు. వెన్నులో నీరు తీసి పరీక్ష చేయాలని డాక్టరు గారు అన్నారు. మా అత్తగారు, బావగారు ససేమిరా అంటున్నారు. వాళ్ల ఊళ్లో ఒకతనికి అలా నీరు తీస్తే కాళ్లు పడిపోయాయట. సంతకం పెట్టమంటారా, వద్దంటారా?”
– ఒక తల్లి, ప్రకాశం జిల్లా

అమ్మా, మీరు రాసిన ఆరు రోజులకు ఉత్తరం నాకు చేరింది. పత్రికలో జవాబు అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదని, మీరు కింద రాసిన నంబరుకు ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. “సంతకం పెట్టేశానండీ, నిన్ననే నీరు తీశారు, వాడు కాళ్లు బాగానే ఆడిస్తున్నాడు” అని మీరు చెప్పాకే నా మనసు కుదుటపడింది. మీరు ఒప్పుకున్నారు కాబట్టి మనం మాట్లాడుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మీ అత్తగారి భయం లాంటిదే నా ఉద్యోగం పొడవునా రోజూ చూశాను.

ముందు ఆ కాళ్ల సంగతి. మెదడు నుంచి కిందికి దిగే వెన్నుపాము నడుం చివరిదాకా రాదు. చిట్టచివరి పక్కటెముక దాటగానే, నడుంలోని మొదటి పూస దగ్గరే ఆగిపోతుంది. మేం సూది గుచ్చేది దానికి రెండు మూడు పూసల కింద, మొలతాడు కట్టుకునే చోటుకు దగ్గరగా. అక్కడ వెన్నుపాము ఉండదు. నీళ్ల సంచిలో నూలు పోగుల్లా వేలాడే నరాలు ఉంటాయి. సూది వాటి దగ్గరికి వెళ్లినా అవి పక్కకు తప్పుకుంటాయి. పెద్దవాళ్లలో ఈ నీరు మొత్తం 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా కొత్తగా ఊరుతూ ఉంటుంది. పరీక్షకు మేం తీసేది ఐదు నుంచి పది మిల్లీలీటర్లు, అంటే రెండు చెంచాలు. అరగంటలో అది మళ్లీ ఊరిపోతుంది. 1891లో జర్మనీలో క్విన్కే అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది.

మరి ఆ ఊళ్లో అతని కాళ్లు ఎందుకు పడిపోయాయి? నేను ఆయన్ను చూడలేదు. కానీ మెదడు పొరలకు పట్టిన క్షయ ముదిరితే కిందికి దిగి వెన్నుపాము చుట్టూ కూడా గడ్డకడుతుంది, అప్పుడు కాళ్లు చచ్చుబడతాయి. ఇలాంటి రోగుల్లో నీరు తీయించుకోవడానికి వారాల తరబడి తటపటాయించినవాళ్లను చాలామందిని చూశాను. చివరికి తీయించుకునేసరికి జబ్బు కాళ్లదాకా వచ్చేసి ఉంటుంది. నింద మాత్రం సూది మీద పడుతుంది.

నేను పీజీ చదువుతున్న రోజుల్లో, 1991లో, ఒక ప్రభుత్వ ఆసుపత్రి వార్డుకు మీ అబ్బాయి లక్షణాలతోనే తొమ్మిదేళ్ల పాప వచ్చింది. నీరు తీయాలన్నాను. వాళ్ల తాత వద్దన్నాడు. “తీయకపోతే పాప దక్కదు” అని గట్టిగా అన్నాను తప్ప, ఎక్కడ గుచ్చుతామో, అక్కడ ఏముంటుందో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రాత్రే పాపను భుజాన వేసుకుని వెళ్లిపోయారు. పదకొండు రోజుల తర్వాత స్పృహ లేని పాపను మళ్లీ తీసుకొచ్చారు. టీబీ మెనింజైటిస్, అంటే మెదడు పొరలకు పట్టిన క్షయ. పాప బతికింది, చూపు పోయింది. తప్పు ఆ తాతది కాదు. ఆయన భయానికి జవాబు చెప్పాల్సిన మనిషిని నేను, చెప్పలేదు. అప్పటినుంచి కాగితం మీద వెన్ను బొమ్మ గీసి చూపించకుండా నేనెవరినీ సంతకం అడగలేదు. మీ ఇంట్లో కూడా ఈ పేజీ మీ అత్తగారికి చదివి వినిపించండి.

ఏ ఇబ్బందీ ఉండదని మాత్రం చెప్పను. కొందరికి నీరు తీశాక లేచి కూర్చుంటే తల పగిలిపోతున్నట్టు నొప్పి వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. కొద్ది రోజుల్లో అదే పోతుంది. మెదడులో గడ్డ ఉండి లోపల ఒత్తిడి బాగా పెరిగినా, ప్లేట్‌లెట్లు మరీ పడిపోయినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, సూది గుచ్చే చోట చర్మానికి చీము పట్టినా నీరు తీయడం ఆపుతాం. ఒక పక్క చేయి, కాలు బలహీనపడినవాళ్లకు, మగతలో ఉన్నవాళ్లకు, కొత్తగా ఫిట్స్ వచ్చినవాళ్లకు ముందు స్కానింగ్ తీయమనేది అందుకే. ఆ స్కానింగ్ ఆలస్యమయ్యేలా ఉంటే పరీక్షకు రక్తం తీసుకుని, సూది మందు మొదటి డోసు ఇచ్చేసి ఆ తర్వాతే స్కానింగ్‌కు పంపాలి. బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌లో ఒక్కో గంటా లెక్కే.

ఇక మీరు చదివి వినిపించిన రిపోర్టు. కణాలు 210, అందులో నూటికి 85 లింఫోసైట్లు అనే తెల్లకణాలు. ప్రొటీన్ 180. నీటిలో గ్లూకోజ్ 28, అదే సమయానికి రక్తంలో 104. మామూలుగా ఈ నీటిలో గ్లూకోజ్ రక్తంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు ఉండాలి. మీ అబ్బాయికి మూడో వంతు కూడా లేదు. వైరస్ జబ్బయితే సాధారణంగా గ్లూకోజ్ ఇంతగా పడిపోదు. మామూలు బ్యాక్టీరియా అయితే నీరు బియ్యం కడిగినట్టు తెల్లగా వస్తుంది, కణాలు వేలల్లో ఉంటాయి, జబ్బు వారాలు కాదు, ఒకటి రెండు రోజుల్లోనే మనిషిని పడగొడుతుంది. సన్నజ్వరంతో మొదలై రెండు మూడు వారాలు లాగి, తర్వాత వాంతులు, మగత వచ్చాయంటే ఈ దేశంలో మొదట అనుమానించాల్సింది క్షయనే.

“సీబీనాట్ పరీక్షలో టీబీ లేదని వచ్చింది, అయినా టీబీ మందులు పెట్టారు, ఇదేమైనా మోసమా?” అని మీరు నెమ్మదిగా అడిగారు. మోసం కాదమ్మా. ఈ క్రిములు మెదడు అడుగున పొరలకు అతుక్కుని ఉంటాయి, నీటిలోకి చాలా తక్కువగా వస్తాయి. వల వేస్తే చేప పడలేదని చెరువులో చేపలే లేవనుకోం కదా. పరీక్షలో కనపడితే టీబీ ఖాయం. కనపడకపోతే లేనట్టు కాదు. లక్షణాలు, నీటి లెక్కలు, స్కానింగ్ మూడూ కలిపి చూసి మొదలుపెట్టాలి. ఆధారం దొరికేదాకా ఆగితే పిల్లవాడు చేజారిపోతాడు. మీ డాక్టరు సరిగ్గానే చేశారు.

మందులు ఏడాది పాటు వాడాలి. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత మూడు. ఊపిరితిత్తుల టీబీ ఆరు నెలల్లో అయిపోయిందని మీ బావగారు తన అనుభవం చెప్పారట, దానికీ దీనికీ పోలిక లేదు. వాటితో పాటు ఆరు నుంచి ఎనిమిది వారాలు స్టెరాయిడ్ ఇస్తారు. స్టెరాయిడ్ పేరు వినగానే భయపడకండి. 2004లో వియత్నాంలో 545 మంది రోగుల మీద చేసిన పరిశోధనలో దీనివల్ల మరణాలు తగ్గాయని తేలింది. అయితే దాన్ని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి, ఉన్నట్టుండి ఆపకూడదు. మూత్రం నారింజ రంగులో వస్తే భయం లేదు, అది మందు రంగే. కళ్లు పచ్చబడినా, వాంతులు మళ్లీ ఎక్కువైనా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొకటి ముందే చెప్పి ఉంచుతాను. మందులు బాగా పనిచేస్తున్నా ఒకటి రెండు నెలల తర్వాత కొందరికి తలనొప్పి తిరగబెడుతుంది, స్కానింగ్‌లో కొత్త గడ్డలు కూడా కనపడతాయి. చచ్చిన క్రిముల మీద ఒళ్లు చేసే పోరాటం అది. అక్కడే చాలా కుటుంబాలు మందులు పనిచేయలేదనుకుని ఆసుపత్రి మారుస్తాయి, మారే దారిలో పది రోజులు మందులు ఆగిపోతాయి. అలా ఆగకూడదు. లోపల నీరు చేరి మెదడు మీద ఒత్తిడి పెరిగితే పొట్టలోకి సన్నటి గొట్టం వేసే ఆపరేషన్ అవసరం కావచ్చు. అదీ చేయించవలసినదే. మందులు ప్రభుత్వ టీబీ కేంద్రంలో ఉచితం. పేరు నమోదైతే పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 నవంబరు దాకా అది 500 ఉండేది. మీ ఖాతా నంబరు ఇచ్చారో లేదో ఒకసారి చూసుకోండి.

*

“మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు, డిగ్రీ చదువుతోంది. కాలేజీలో ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఎంఆర్ఐలో మెదడులో ఉంగరంలా చిన్న మచ్చ ఉంది, పురుగు తిత్తి అన్నారు. మేం మాంసం ముట్టం. క్యాబేజీ తినడం వల్లనేనని అందరూ అంటున్నారు. సంబంధాలు చూస్తున్నాం. ఈ సంగతి వాళ్లకు చెప్పాలా?”
– ఒక తండ్రి, కరీంనగర్

క్యాబేజీ ఆకుల్లో కనపడే పచ్చ పురుగుకు, దీనికి ఏ సంబంధమూ లేదండీ. ఇది బద్దెపురుగు గుడ్డు వల్ల వస్తుంది. బద్దెపురుగు మనిషి పేగుల్లో ఉంటుంది, గుడ్లు మలంలో బయటికి వస్తాయి, కంటికి కనపడవు. ఆ మలం తిన్న పంది ఒంట్లో తిత్తులు ఏర్పడతాయి. సరిగ్గా ఉడకని ఆ మాంసం తిన్నవాళ్లకు పేగుల్లో పురుగు పెరుగుతుంది. మెదడులోకి తిత్తి వచ్చేది మాత్రం మాంసం వల్ల కాదు, గుడ్లు నోట్లోకి పోవడం వల్ల. పేగులో పురుగున్న మనిషి చేతులు సరిగ్గా కడుక్కోకుండా వండి వడ్డిస్తే చాలు. మురుగునీటితో పండిన కూర పచ్చిగా తిన్నా చాలు. అందుకే ఎన్నడూ మాంసం ముట్టని ఇళ్లలోనూ ఇది వస్తుంది. ఇంట్లో అందరూ, వంటకు సాయం చేసేవాళ్లతో సహా, మల పరీక్ష చేయించుకుంటే మంచిది.

ఒకప్పుడు ఇలాంటి ఉంగరం మచ్చ కనపడితే మన దేశంలో చాలామందికి టీబీ మందులు రాసేవాళ్లు. వేలూరు సీఎంసీ డాక్టర్లు అలాంటి మచ్చలను తీసి మైక్రోస్కోపు కింద చూశాక, చాలావరకు అవి పురుగు తిత్తులేనని తేలింది. రెండు సెంటీమీటర్ల లోపు ఉండి, చుట్టూ వాపు తక్కువగా ఉండి, మనిషి మిగతా అన్ని విధాలా బాగుంటే తిత్తి వైపే మొగ్గుతాం. అయినా కొన్ని నెలల తర్వాత మళ్లీ స్కానింగ్ తీయించండి. మచ్చ పెరిగిందంటే మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి.

పురుగును చంపే ఆల్బెండజోల్ మాత్ర మందుల షాపులో దొరుకుతుంది కదా అని మీ అంతట మీరు వేయకండి. పురుగు చస్తే దాని చుట్టూ మెదడు వాస్తుంది, అందుకే స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తాం. కంటిలో తిత్తి లేదని కళ్ల డాక్టరు చూశాకే మొదలుపెట్టాలి. ఫిట్స్ మందు మచ్చ పూర్తిగా కరిగితే కొన్ని నెలలకు ఆపవచ్చు. సున్నపు చుక్కలా మిగిలిపోతే రెండేళ్ల దాకా పట్టొచ్చు. పెళ్లి కావలసిన అమ్మాయి కాబట్టి వాల్‌ప్రోయేట్ కాకుండా వేరే మందు రాయమని డాక్టరును అడగండి. గర్భంలో బిడ్డకు అది మంచిది కాదు.

పెళ్లివాళ్లకు చెప్పాలా అన్నారు. చెప్పండి. దాచి పెళ్లి చేసిన అమ్మాయిలు అత్తగారింట్లో మాత్ర వేసుకోలేక, చీర మడతల్లో దాచుకుని, రెండు పూటలు మానేసి, ఫిట్స్ వచ్చి పొయ్యి దగ్గర పడ్డవాళ్లను నేను చూశాను. ఇది వంశపారంపర్యం కాదు, చాలావరకు తగ్గిపోయేది. ఆ మాట చెప్పడానికి మీకు ఇబ్బందిగా ఉంటే వాళ్లను డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి. ఇంకా చదువుకుంటున్న పిల్ల, సంబంధాలకు అంత తొందరేం వచ్చింది అన్నది నా సొంత అభిప్రాయం.

*

“మా బావగారికి 46 ఏళ్లు. రెండు రోజులు జ్వరం వచ్చింది. మూడో రోజు మా అక్కను గుర్తుపట్టలేదు. గోడతో మాట్లాడటం, చొక్కాను కాళ్లకు తొడుక్కోవడం మొదలుపెట్టారు. గాలి సోకిందని రెండు రోజులు మంత్రం వేయించారు. ఫిట్స్ వచ్చాక విశాఖ తీసుకెళ్తే హెర్పిస్ అని మూడు వారాలు సూది మందు ఇచ్చారు. ఇప్పుడు బాగానే తిరుగుతున్నారు కానీ పొద్దున ఏం తిన్నారో మధ్యాహ్నానికి గుర్తుండదు. జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందా?”
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

తల్లీ, మీ బావగారికి వచ్చింది మెదడు కణజాలానికే వచ్చే వాపు, ఎన్‌కెఫలైటిస్. జలుబు చేసినప్పుడు పెదవి పక్కన పొక్కులు లేస్తాయే, ఆ హెర్పిస్ వైరసే అరుదుగా మెదడుకు ఎక్కుతుంది. అది ఎక్కువగా పట్టేది కణతల లోపలి భాగాన్ని. మాట, ప్రవర్తన, కొత్త సంగతులు గుర్తుపెట్టుకోవడం అన్నీ అక్కడివే. అందుకే మొదటి రోజుల్లో ఇది జ్వరంలా కాకుండా పిచ్చిలా కనపడుతుంది. మంత్రం వేసేవాళ్లనే కాదు, ఇలాంటివాళ్లను నేరుగా మానసిక వైద్యుల దగ్గరికి పంపిన డాక్టర్లనూ చూశాను. జ్వరంతో పాటు మనిషి తీరు మారితే అది మెదడు జబ్బేనని ముందు అనుకోవాలి, కాదని తేలాక మిగతావి.

మందు లేని కాలంలో ఈ జబ్బు వచ్చినవాళ్లలో నూటికి డెబ్బై మంది చనిపోయేవాళ్లు. ఎసైక్లోవిర్ వచ్చాక అది మారింది. ఆ మందు వెనక ఉన్న శాస్త్రవేత్తల్లో గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. రక్తనాళంలోకి ఎనిమిది గంటలకోసారి, రెండు మూడు వారాలు ఇవ్వాలి. మాత్రలు సరిపోవు. వెన్నునీటిలో పీసీఆర్ పరీక్ష మొదటి రెండు మూడు రోజుల్లో ఒక్కోసారి వైరస్‌ను పట్టుకోదు, కాబట్టి అనుమానం రాగానే మందు మొదలుపెట్టి, అవసరమైతే పరీక్ష మళ్లీ చేస్తాం.

జ్ఞాపకశక్తి విషయంలో మీకు అబద్ధపు ఆశ పెట్టలేను. మొదటి ఆరు నెలల్లో ఎక్కువ మెరుగు కనపడుతుంది, ఆ తర్వాత కూడా ఏడాది, రెండేళ్ల దాకా నెమ్మదిగా కొంత వస్తుంది. అంతా రాకపోవచ్చు. పాత సంగతులు, చేతి పని బాగానే నిలుస్తాయి. గోడకు పెద్ద క్యాలెండర్ కట్టండి. వచ్చిపోయినవాళ్ల పేర్లు, వేసుకున్న మాత్రలు ఒక నోటు పుస్తకంలో ఆయన చేతే రాయించండి. వస్తువులు రోజూ ఒకే చోట పెట్టండి. “ఇప్పుడే చెప్పాను కదా” అని ఎవరూ అనకండి, ఆ మాట ఆయన్ను చాలా బాధపెడుతుంది. మీ అక్కగారికి రోజులో ఒక గంటైనా మీరెవరైనా విశ్రాంతి ఇవ్వండి.

ఒకటి గుర్తుంచుకోండి. తగ్గిన నెల, రెండు నెలలకు మళ్లీ వింతగా ప్రవర్తించినా, నోరు చేతులు వాటంతట అవి కదులుతున్నా వైరస్ తిరిగొచ్చిందనే అనుకోనక్కర్లేదు. ఒంట్లోని రక్షణ శక్తే మెదడు మీదికి తిరగబడి ఉండొచ్చు. దానికి వేరే వైద్యం ఉంది, ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి.

*

“మేడమ్ గారూ, నేను మన్యంలో ఆశా కార్యకర్తను. జ్వరాలు చాలా ఉంటాయి, అందరినీ పాడేరు పంపలేం. ఏ జ్వరం మెదడుకు ఎక్కిందని ఎలా తెలుసుకోవాలి?”
– అల్లూరి సీతారామరాజు జిల్లా

మీ ఉత్తరం ఈ నెల వచ్చినవాటిలో నాకు అన్నింటికన్నా ముఖ్యమైనదమ్మా. జ్వరం ఎంత ఎక్కువగా ఉందో కాదు, మనిషి ఎలా ఉన్నాడో చూడండి. 103 డిగ్రీలున్నా కూర్చుని గంజి తాగి, మీ పేరు చెప్పే పిల్లవాడి విషయంలో కాస్త ఆగవచ్చు. 100 డిగ్రీలే ఉన్నా పిలిస్తే కళ్లు తెరవని, తల్లిని గుర్తుపట్టని పిల్లవాడి విషయంలో ఆగకూడదు. ఒక్కసారి ఫిట్స్ వచ్చి ఆ తర్వాత తెలివిలోకి రాకపోయినా, గడ్డం ఛాతీకి ఆనించలేకపోయినా, వెలుతురు చూడలేక ముఖం తిప్పుకుంటున్నా అంతే. చంటిపిల్లల్లో మెడ బిగుసుకోకపోవచ్చు, దాన్నే నమ్ముకోకండి. పాలు తాగడం మానేయడం, సన్నగా కీచుమని ఏడవడం, ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ ఏడవడం, మాడు ఉబ్బడం చూడండి. “వీడు మా వాడిలా లేడు” అని తల్లి అంటే ఆ ఒక్క మాట చాలు, పంపించండి.

మీ చేతిలో మలేరియా కిట్ ఉంది. మీ దగ్గర ఫాల్సిపారం రకం మలేరియా ఎక్కువ, అది మెదడుకు ఎక్కితే గంటల్లో స్పృహ పోతుంది, ఆర్టిసునేట్ సూది పీహెచ్‌సీలోనే మొదలుకావాలి. గ్లూకోజ్ పరీక్ష కూడా చేయించండి, మలేరియాలో చక్కెర పడిపోయి మగత రావడం ఉంది. ఆ తర్వాత ఒళ్లంతా వెతకండి. చంకల్లో, గజ్జల్లో, చెవి వెనక, పిల్లల జుట్టులో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు దొరికిందా? అది స్క్రబ్ టైఫస్. పొదల్లో ఉండే సన్నటి నల్లి లాంటి పురుగుల పిల్లలు కుడితే వస్తుంది. నొప్పి పుట్టదు కాబట్టి రోగికే తెలియదు. అదీ మెదడుకు ఎక్కుతుంది, డాక్సీసైక్లిన్ అనే చౌక మందుకు లొంగుతుంది. బట్టలు తీసి చూడకపోవడం వల్లనే చాలా కేసులు జారిపోతాయి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు ఏవీ వద్దు. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలాం స్ప్రే ఉంటే వాడమని పీహెచ్‌సీ డాక్టరుకు గుర్తుచేయండి. 108 వచ్చేదాకా నీళ్లు, పాలు పట్టకండి.

2003లో జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చండీపుర వైరస్ వచ్చింది. లెక్కకు దొరికిన 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. ఆ రోజుల్లో తెలంగాణ జిల్లాల ఆసుపత్రుల్లో నేను చూసిన పిల్లల్లో ఒకరు పొద్దున ఆడుకుంటూ ఉన్నారు, రాత్రికి లేరు. 1965లో నాగపూర్ దగ్గరి ఊళ్లో మొదట కనపడిన వైరస్ అది, 2024లో గుజరాత్‌లో మళ్లీ వచ్చింది. మట్టిగోడల పగుళ్లలో ఉండే ఇసుక ఈగలు దాన్ని మోస్తాయి. ఈ రోజుకీ దానికి మందు లేదు, టీకా లేదు. ఫిట్స్ ఆపడం, ఊపిరి నిలపడం, చక్కెర పడిపోకుండా చూడటం మాత్రమే ఉన్నాయి, అవి ఆసుపత్రిలోనే కుదురుతాయి. అందుకే మీలాంటివాళ్లు ఒక గంట ముందు బండెక్కించడమే ఆ పిల్లలకు ఉన్న అవకాశం.

*

“మా ఊళ్లో పందుల దొడ్లు ఇళ్ల పక్కనే ఉన్నాయి. మెదడువాపు జ్వరం వస్తుందని భయంగా ఉంది. పక్కింటి పిల్లకు వస్తే మా పిల్లలకూ అంటుకుంటుందా?”
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

అంటుకోదు. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ వైరస్ కొంగల్లో, పందుల్లో పెరుగుతుంది. వరిమడి నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుట్టి మనకు ఎక్కిస్తుంది. మనిషి నుంచి మనిషికి రాదు. ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, వేలూరు ఆసుపత్రికి ఉత్తర ఆర్కాటు నుంచి, పక్కనే ఉన్న మన జిల్లాల నుంచి వచ్చిన రోగుల్లో. వైరస్ సోకినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. జబ్బు పడ్డవాళ్లలో మాత్రం నూటికి ఇరవై, ముప్పై మంది చనిపోతారు, బతికినవాళ్లలో మూడో వంతుకు పైగా మాటో నడకో దెబ్బతింటుంది. మందు లేదు, టీకా ఉంది. ప్రభుత్వం ఈ జబ్బున్న జిల్లాల్లో 9 నెలలకు, 16 నుంచి 24 నెలల మధ్య రెండు డోసులు ఉచితంగా వేస్తుంది. మీ జిల్లా ఆ జాబితాలో ఉందో లేదో ఏఎన్ఎమ్‌ను అడగండి. పందుల దొడ్లు ఇళ్లకు దూరంగా జరిపించమని పంచాయతీకి అర్జీ పెట్టండి, దోమతెరలు కట్టండి.

*

“మా మనవడికి మూడేళ్లుగా చెవిలో చీము. వారం నుంచి ఆ పక్కే తలనొప్పి, నిన్న ఒకసారి తూలి పడ్డాడు. చెవి చీము పెద్దయ్యాక అదే పోతుందంటారు కదా?”
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల

మాస్టారూ, మీకూ ఫోన్ చేశాను, స్కానింగ్ తీయిస్తున్నామని మీ అబ్బాయి చెప్పారు. మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను. చెవికి, మెదడుకు మధ్య ఉన్నది పలచటి ఎముక. ఏళ్ల తరబడి చీము దాన్ని తినేసి లోపల గడ్డ కట్టగలదు. చెవి చీము ఉన్న పిల్లవాడికి తలనొప్పి, వాంతులు, తూలడం, ముఖం వంకర పోవడం వస్తే అది చెవి డాక్టరు దాకా ఆగేది కాదు. ఇక్కడ వెన్నునీరు తీయకూడదు, ముందు స్కానింగే. గడ్డ ఉంటే తలలో చిన్న రంధ్రం చేసి చీము లాగి, ఆరు నుంచి ఎనిమిది వారాలు సూది మందులు ఇస్తారు. తర్వాత చెవికి ఆపరేషన్ చేస్తేనే మళ్లీ రాకుండా ఉంటుంది. చెవిలో వెచ్చని నూనె, ఆకు పసరు పోయడం ఇక మానిపించండి.

*

“మా చిన్నాన్నను వీధికుక్క పిక్క మీద కరిచింది, రక్తం వచ్చింది. కారం పెట్టి కట్టు కట్టాం, పక్క ఊళ్లో పసరు మందు తాగించాం. సూదులు కూడా అవసరమా?”
– ఒక యువకుడు, నల్గొండ జిల్లా

అవసరం బాబూ. కుక్క కరిచి ఎన్ని రోజులైందో నువ్వు రాయలేదు, ఎన్ని రోజులైనా సరే వెళ్లాలి. మెదడుకు వచ్చే జబ్బులన్నింటిలో నేను ఏమీ చేయలేనిది రేబిస్ ఒక్కటే. నీళ్లు చూసి గొంతు పట్టేయడం మొదలయ్యాక బతికించే మందు లేదు. కొందరికి ఆ భయం కూడా రాదు, కాళ్ల నుంచి పైకి చచ్చుబడుతూ పోతుంది. అది మొదలుకాకముందైతే దాదాపు ప్రతి ఒక్కరినీ కాపాడగలం. ఆ కారం, కట్టు తీసేయండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. రక్తం వచ్చిన గాయం కాబట్టి టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా వేయమని అడగండి. చాలాచోట్ల దాన్నే వదిలేస్తారు. టీకా చర్మంలోకి అయితే మొదటి రోజు, మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజు, కండకు అయితే పద్నాలుగో రోజు కూడా కలిపి ఐదు. కుక్క బతికే ఉందని మధ్యలో మీ అంతట మీరు ఆపకండి. పత్రిక పక్కన పెట్టి ఆయన్ను బండి మీద ఎక్కించుకుని ఇప్పుడే ప్రభుత్వ ఆసుపత్రికి బయల్దేరు.